అతకని ఎముక, రెండవ ఆపరేషన్

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



ఆరోగ్యం గురించి డాక్టరు గారి చేత చెప్పించవలసిన చోట, ఖజానా శాఖలో 36 సంవత్సరాలు బిల్లులు చూసి 2009లో పదవీ విరమణ చేసిన నా వంటి గుమాస్తాను నిలబెట్టారు. అందుచేత ముందుగా ఒక మాట మనవి చేసుకుంటాను. నేను వైద్యం చెప్పడం లేదు. మా ఇంట్లో ఒక కుర్రవాడి కుడి మణికట్టులో ఎముక విరిగింది. అది అతకలేదు. ఆపరేషన్ చేశారు. అయినా అతకలేదు. రెండవసారి ఆపరేషన్ దాకా వెళ్ళింది. ఆ రెండు మూడేళ్ళలో డాక్టర్ల దగ్గర విన్నవి, అడిగి తెలుసుకున్నవి, చదివి అర్థం చేసుకున్నవి మీ ముందు ఉంచుతాను. ఎవరి చెయ్యి సంగతి వారి డాక్టరే తేల్చాలి. కానీ డాక్టరు గదిలోకి వెళ్ళినప్పుడు ఏం అడగాలో తెలిస్తే సగం భయం పోతుంది. ఆ మేరకు నా మాటలు ఉపయోగపడితే చాలు.

మొదట ఆ ఎముక సంగతి. మణికట్టు అంటే ఏదో ఒక ఎముక అనుకుంటాం. నిజానికి అక్కడ రెండు వరుసల్లో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. బొటనవేలి వైపు ఉండేదానిని స్కాఫాయిడ్ అంటారు. గ్రీకు భాషలో పడవ అనే అర్థం వచ్చే మాట నుంచి ఆ పేరు పుట్టింది. నా కంటికి మాత్రం పెద్ద జీడిపప్పులా కనిపించింది. రెండు వరుసలనూ కలిపి పట్టి ఉంచేది అదే. బొటనవేలును పైకి చాచి పట్టుకుంటే దాని మొదట్లో, మణికట్టు దగ్గర, చిన్న గుంట పడుతుంది. మన తాతల కాలంలో ముక్కుపొడుం వేసుకుని పీల్చింది ఆ గుంటలో నుంచే. ఇంగ్లీషు వైద్య పుస్తకాల్లో కూడా దాని పేరు పొడుం డబ్బీయే. ఆ గుంట అడుగున ఈ ఎముక ఉంటుంది. మణికట్టులోని చిన్న ఎముకల్లో ఎక్కువగా విరిగేది ఇదే. అరచేయి నేలకు ఆనించి పడిన కుర్రవాళ్ళలో మరీ ఎక్కువ.

ఇది అతకడం ఎందుకు కష్టమో చెబుతాను. డాక్టరు నాడి పట్టుకుని చూసే రక్తనాళం ఉంది కదా, దాని నుంచి వచ్చే కొమ్మలు ఈ ఎముకలోకి ముఖ్యంగా వేళ్ళ వైపు సగం నుంచి ప్రవేశించి, వెనక్కి తిరిగి ముంజేతి వైపుకు పారతాయి. ఎముకలో 70 నుంచి 80 శాతం మేరకు ఈ దారినే రక్తం అందుతుంది. మన గోదావరి డెల్టా రైతుకు ఇది వెంటనే బోధపడుతుంది. ముంజేతి వైపు కొస శివారు భూమి వంటిది. మధ్యలో కాలువకు గండి పడితే మొదట ఎండేది శివారే. ఎముక నడిమిన విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం తగ్గవచ్చు. ఆ కొసకు మరీ దగ్గరగా విరిగితే దాదాపు ఆగిపోవచ్చు. పైగా ఈ ఎముక పైభాగం సుమారు 80 శాతం నున్నని మృదులాస్థితో కప్పబడి, కీలు లోపలి ద్రవంలో మునిగి ఉంటుంది. కాలు ఎముక విరిగినప్పుడు చుట్టూ కొత్త ఎముక బుడిపెలా పెరిగి అతుకుతుంది. ఇక్కడ ఆ సౌకర్యం లేదు.

అందువల్ల వేళ్ళ వైపు కొసన విరిగితే ఆరు నుంచి ఎనిమిది వారాలు, నడిమిన విరిగితే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు, ముంజేతి వైపు విరిగితే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. సకాలంలో పిండికట్టు వేసినా నూటికి ఐదు నుంచి పది మందికి అతకకపోవచ్చు. ముక్కలు జరిగినా, ముంజేతి వైపు కొసన విరిగినా ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. సాధారణంగా ఆరు నెలలు గడిచినా అతకకపోతే ఇక దానంతట అది అతకదని లెక్క.

ఇప్పుడు మా సంగతి. 2021 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, మా పెద్దమ్మాయి కొడుకు క్రికెట్టు ఆడుతూ బంతి కోసం పరుగెత్తి అరచేయి మీద పడ్డాడు. అప్పుడు వాడికి 20 ఏళ్ళు. ఐటీఐలో ఫిట్టరు ట్రేడు రెండవ సంవత్సరం. దగ్గరలోని ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. విరుగుడు కనిపించలేదు. బెణుకని చెప్పి క్రేపు బ్యాండేజీ చుట్టి, మాత్రలు ఇచ్చి పంపారు. మూడు వారాలకు నొప్పి తగ్గింది. ఇంట్లో అందరం మరిచిపోయాం. అక్టోబరులో వర్క్‌షాపులో ఆకురాయి పట్టి ఇనుము రుద్దుతుంటే చెయ్యి జివ్వుమనడం మొదలైంది. నీళ్ళ బిందె ఎత్తితే నొప్పి, తలుపు నెడితే నొప్పి. మళ్ళీ ఎక్స్‌రే తీస్తే పాత విరుగుడు, మధ్యలో ఖాళీతో సహా, స్పష్టంగా కనిపించింది.

ఇక్కడ ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు. ఈ ఎముక విరుగుడు మొదటి రోజు ఎక్స్‌రేలో కనిపించకపోవడం వైద్యులందరికీ తెలిసిన విషయమే. అందుకే పొడుం గుంటలో వేలితో నొక్కితే నొప్పి ఉన్నప్పుడు, ఎక్స్‌రే బాగానే ఉన్నా, చెయ్యి కదలకుండా కట్టు వేసి, పది నుంచి పద్నాలుగు రోజుల తర్వాత మళ్ళీ ఎక్స్‌రే తీయడమో, ఎమ్మారై తీయడమో పద్ధతి. మీ ఇళ్ళలో పిల్లలెవరైనా చేయి ఆనించి పడి, ఆ గుంటలో నొప్పి ఉందంటే, రెండవ ఎక్స్‌రే ఎప్పుడని మీరే అడగండి. నొప్పి తగ్గడం వేరు, ఎముక అతకడం వేరు. ఈ ఒక్క ముక్క గుర్తున్నా రెండవ ఆపరేషన్ దాకా వెళ్ళే వారి సంఖ్య తగ్గుతుంది.

మరొక సందేహం చాలామందికి వస్తుంది. విరిగిన వెంటనే ఆపరేషన్ చేస్తే పోదా అని. ఇంగ్లండు, వేల్సులలో 31 ఆస్పత్రుల్లో 439 మంది మీద ఈ విషయం పరీక్షించి 2020లో ఫలితాలు ప్రకటించారు. ఎముక నడిమిన విరిగి, ముక్కలు రెండు మిల్లీమీటర్లకు మించి జరగని వారిలో, వెంటనే ఆపరేషన్ చేసినా, కట్టు వేసి చూసినా సంవత్సరం తిరిగేసరికి చేతి పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే కట్టు వేసిన వారిని విడిచిపెట్టకుండా గమనించి, అతకడం లేదని తేలగానే ఆపరేషన్ చేయాలని వారు గట్టిగా చెప్పారు. అంటే కట్టు తక్కువ వైద్యమేమీ కాదు. కట్టు విప్పాక మళ్ళీ చూపించుకోకపోవడమే ప్రమాదం.

2021 డిసెంబరులో మొదటి ఆపరేషన్ జరిగింది. నడుం పక్కన ఉండే తుంటి ఎముక నుంచి మెత్తని ఎముక కొంత తీసి, విరిగిన చోట పాత పొరను గీకివేసి, అందులో నింపి, స్క్రూ బిగించారు. ఈ పద్ధతికి చరిత్ర ఉంది. స్విట్జర్లండుకు చెందిన మాట్టి అనే వైద్యుడు 1930ల్లో ఎముక నింపే విధానం చెప్పారు. ఆస్ట్రియా వైద్యుడు రూసె దానిని మార్చి 1960లో ప్రకటించారు. స్క్రూ ఆస్ట్రేలియా వైద్యుడు హెర్బర్ట్ ఇచ్చినది, 1984లో దాని ఫలితాలు ప్రచురించారు. దానికి తల ఉండదు. రెండు చివరలా మరలు వేరువేరు దూరంలో ఉంటాయి. తిప్పుతున్న కొద్దీ రెండు ముక్కలూ ఒకదాని మీదికి ఒకటి జరిగి నొక్కుకుంటాయి. తల లేదు కనుక ఎముక లోపలే మునిగి ఉంటుంది. మా వాడు ఫిట్టరు కాబట్టి ఈ మరల సంగతి నాకంటే ముందు వాడికే అర్థమైంది.

కట్టు విప్పారు. నెలలు గడిచాయి. 2022 జూలైలో ఎక్స్‌రేలో నల్లని గీత ఇంకా కనిపిస్తూనే ఉంది. సెప్టెంబరులో సీటీ స్కాను తీశారు. ముక్కల మధ్య ఖాళీ ఉంది. స్క్రూ చుట్టూ ఎముక కరిగి, స్క్రూ వదులైంది. ఆపరేషన్ చేసిన డాక్టరు గారే మమ్మల్ని కూర్చోబెట్టి, "ఇది అతకలేదు. మళ్ళీ చేయాలంటే చేతి ఆపరేషన్లు మాత్రమే చేసే నిపుణుల దగ్గరికి వెళ్ళడం మంచిది" అని చెప్పి, హైదరాబాదులో ఒక సర్జన్ గారికి ఉత్తరం రాసి ఇచ్చారు. ఆయన ఆ మాట దాచకుండా చెప్పినందుకు ఇప్పటికీ నాకు గౌరవమే.

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మా అమ్మాయి, "నాన్నా, ఒకసారి కోశారు, చాలు. వాడి చెయ్యి ఎలా ఉంటే అలా ఉండనీ" అని ఏడ్చింది. అల్లుడు గారి వైపు వారు పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించమన్నారు. పుత్తూరు కట్టు పేరు తెలియని వారు మనలో లేరు. దాని మీద నమ్మకం ఉన్నవారిని నేను తప్పుపట్టను. కానీ లోపల స్క్రూ వదులై, శివారు ముక్కకు రక్తం అందని స్థితిలో పైనుంచి వేసే ఏ కట్టూ ఆ రక్తాన్ని తెచ్చివ్వలేదు. మా వాడు మాత్రం ఒకటే మాట అన్నాడు. "తాతయ్యా, ఆకురాయి పట్టలేని ఫిట్టరుని ఎవరు పనిలో పెట్టుకుంటారు?" దానికి మా ఎవరి దగ్గరా జవాబు లేదు.

గౌతమీ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు వెళ్ళాం. ఆ సర్జన్ గారు మా కాగితాలన్నీ చూసి చెప్పిన మొదటి మాట నాకు బాగా నచ్చింది. "సార్, రెండవ ఆపరేషన్ చేయడానికి తొందర లేదు. మొదటిది ఎందుకు విఫలమైందో ముందు తేలాలి. అది తేలకుండా అదే పని మళ్ళీ చేస్తే ఫలితమూ అదే వస్తుంది" అన్నారు. ఖజానాలో పనిచేసిన వారికి ఇది కొత్త సూత్రమా? అభ్యంతరం రాసి వెనక్కి పంపిన బిల్లును, ఆ అభ్యంతరానికి సమాధానం లేకుండా, తేదీ మార్చి మళ్ళీ పంపితే మళ్ళీ వెనక్కే వస్తుంది. మిత్రులారా, ఈ ప్రసంగంలో నేను చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే. ఆయన ఏమేమి చూశారో వరుసగా చెబుతాను. మీకు అవసరం పడితే ఇవే ప్రశ్నలు అడగండి.

మొదటిది, నిజంగానే అతకలేదా? ఎక్స్‌రేలో అతికినట్టు కనిపించినా అతకకపోవచ్చు, అతకనట్టు కనిపించినా కొంత అతికి ఉండవచ్చు. ఎముక పొడవు వెంట తీసిన సీటీ స్కాను దీనిని తేలుస్తుంది.

రెండవది, ముంజేతి వైపు ముక్కలో ప్రాణం ఉందా? ఎమ్మారై కొంత సూచన ఇస్తుంది. అసలు నిజం ఆపరేషన్ బల్ల మీదే తెలుస్తుందట. రక్తం రాకుండా చేతికి బిగించిన పట్టీని వదిలి చూస్తే, ప్రాణం ఉన్న ఎముక నుంచి చిన్న చిన్న చుక్కలుగా రక్తం ఊరుతుంది. ఊరకపోతే రక్తప్రసారం లేదని అర్థం.

మూడవది, బిగింపు సరిగా ఉందా? స్క్రూ పొట్టిదైనా, పొడుగైనా, ఎముక నడిమధ్యగా కాక ఒక పక్కకు వెళ్ళినా పట్టు తగ్గుతుంది. నాలుగవది, ఎముక ఆకారం. అతకని స్కాఫాయిడ్ నడిమిన కుంగి గూనిగా వంగుతుంది. వంగినదానిని వంగినట్టే అతికిస్తే మణికట్టు నడక మారిపోతుంది. అప్పుడు ముందు వైపు నుంచి ఎముక ముక్క పెట్టి నిలబెట్టాలి. ఐదవది, లోపల చీము, సూక్ష్మక్రిములు ఏమైనా ఉన్నాయా? రక్తపరీక్షలు చేస్తారు, అనుమానం ఉంటే లోపలి కండ కొంత తీసి పరీక్షకు పంపుతారు.

ఆరవది, కీలు అప్పటికే అరిగిపోయిందా? ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. అతకని స్కాఫాయిడ్‌ను అలాగే వదిలేస్తే నొప్పి లేకపోయినా మణికట్టు క్రమంగా అరుగుతుందని 1984, 1985 సంవత్సరాలలో వెలువడిన అమెరికా పరిశీలనలు చూపాయి. అరుగుదల మొదట బొటనవేలి వైపు, ముంజేతి ఎముక మొనకు తగిలే చోట మొదలై, ఏళ్ళు గడిచిన కొద్దీ మణికట్టు నడిమికి పాకుతుంది. అంత దూరం పాకిన తర్వాత ఎముకను అతికించి ప్రయోజనం లేదు. అప్పుడు వేరే ఆపరేషన్లు ఉన్నాయి. స్కాఫాయిడ్‌ను తీసివేసి మిగిలిన వాటిలో నాలుగు ఎముకలను కలిపి అతికించడం, పై వరుస మూడు ఎముకలను తీసివేయడం, నొప్పి తెలిపే నరాల కొమ్మలను కత్తిరించడం, మణికట్టును మొత్తం కదలకుండా అతికించడం వంటివి. వీటిలో నొప్పి తగ్గుతుంది కానీ, నరాలు కత్తిరించడంలో తప్ప, కదలిక కొంతో, పూర్తిగానో పోతుంది. మా వాడి కీలు ఇంకా బాగానే ఉందని తేలింది. ఆయన అభిప్రాయంలో అతికించే ప్రయత్నానికి సమయం మించిపోలేదు, కానీ మూడు నాలుగేళ్ళు ఆలోచిస్తూ కూర్చునే సమయం కూడా లేదు.

ఏడవ ప్రశ్నకు మమ్మల్ని బయట కూర్చోమన్నారు. పావుగంట తర్వాత లోపలికి పిలిచేసరికి మా వాడు తల దించుకుని ఉన్నాడు. రోజుకు ఐదారు సిగరెట్లు కాలుస్తాడట. ఇంట్లో ఎవరికీ తెలియదు. డాక్టరు గారు వాడిని తిట్టలేదు, మమ్మల్ని తిట్టనివ్వలేదు. "నికోటిన్ సన్న రక్తనాళాలను ముడిచేస్తుంది. నేను చేయబోయేది రక్తం తెచ్చే ఆపరేషన్. నువ్వు చేస్తున్నది రక్తం ఆపే పని. రెండూ కలిపి కుదరవు. మూడు నెలలు పూర్తిగా మానేసి రా, తేదీ ఇస్తాను" అన్నారు. పొగతాగే వారిలో ఈ ఆపరేషన్లు విఫలం కావడం ఎక్కువని వైద్య వ్యాసాలు చెబుతున్నాయి. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా అన్నిటిలోనూ ఉన్నది ఆ నికోటినే. అల్లుడు గారు తిరుగు ప్రయాణంలో వాడితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను మాత్రం, "ఒరేయ్, ఇప్పుడు కారణాల్లో ఒకటి నీ చేతిలోనే ఉందని తెలిసింది. మిగిలినవి డాక్టరు గారు చూసుకుంటారు" అన్నాను. వాడు మానేశాడు. సులభంగా కాదు. రెండుసార్లు జారి, మళ్ళీ లెక్క మొదటి నుంచి పెట్టుకున్నాడు. అందుకే జనవరిలో జరగవలసిన ఆపరేషన్ 2023 మార్చికి వెళ్ళింది.

ఈ లోగా ఏ రకం ఆపరేషన్ అనేది తేల్చుకోవాలి. మామూలుగా నింపే ఎముక ప్రాణం లేని సరుకు. చుట్టుపక్కల నుంచి రక్తం వచ్చి దానిని బ్రతికించుకోవాలి. శివారుకు నీరే అందనప్పుడు అక్కడ నాటిన నారు ఎలా బ్రతుకుతుంది? అందుకని ఎముక ముక్కను దాని సొంత రక్తనాళంతో సహా తెచ్చి పెట్టే పద్ధతులు వచ్చాయి. ముంజేతి ఎముక చివర నుంచి అలా తీసే విధానాన్ని అర్జెంటీనా వైద్యుడు జైడెంబెర్గ్ 1991లో ప్రకటించారు. మోకాలి పక్కన తొడ ఎముక నుంచి ముక్కను తెచ్చి, సూక్ష్మదర్శిని కింద రక్తనాళాలు కలిపి కుట్టే విధానాన్ని జపాను వైద్యుడు డోయ్ 2000లో ప్రకటించారు. అంతకు ముందు వెలువడిన వ్యాసాలను కూడి 2002లో అమెరికా వైద్యులు లెక్కవేస్తే, రక్తం అందని ముక్క ఉన్నప్పుడు రక్తనాళంతో పెట్టిన ఎముక నూటికి 88 మందిలోను, మామూలు ఎముక స్క్రూతో పెడితే 47 మందిలోను అతికింది. తర్వాతి పరిశీలనలు కొన్నిటిలో ఇంత తేడా కనిపించలేదు. కనుక అందరికీ ఇదే మేలని చెప్పడానికి లేదు. మా వాడికి మొదటిసారి మామూలు ఎముక పెట్టి చూశారు, పనిచేయలేదు. కనుక ఈసారి రక్తనాళంతో కూడిన ఎముకే సరైన సమాధానమని ఆయన తేల్చారు. అతుకుతుందని హామీ మాత్రం ఇవ్వలేదు. అతకకపోతే తర్వాత ఏమిటో కూడా ముందే చెప్పారు.

ఇక్కడ నా గుమాస్తా బుద్ధి కాస్త పనికి వచ్చింది. మొదటి రోజు నుంచి నేను వాడి పేర ఒక ఫైలు తెరిచాను. ఎక్స్‌రేలు తేదీల వారీగా, స్కాను రిపోర్టులు, సీడీలు, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు నకలు, పేజీ నంబర్లతో. అందులో మొదటి ఆపరేషన్‌లో వాడిన స్క్రూ పెట్టె మీది చిన్న స్టిక్కరు కూడా ఉంది. సర్జన్ గారు దానిని చూసి సంతోషించారు. స్క్రూ ఏ కంపెనీదో, ఎంత సైజో తెలిస్తేనే దానిని తీయడానికి సరిపోయే పనిముట్టు ముందుగా తెప్పించుకోగలరట. తెలియకపోతే ఆపరేషన్ మధ్యలో వెతుక్కోవాలి. మిత్రులారా, మనలో చాలామంది రీయింబర్స్‌మెంటు బిల్లుతో పాటు ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టు, ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ ఆఫీసులో ఇచ్చేసి చేతులు దులుపుకుంటాం. ఇచ్చే ముందు ప్రతి కాగితానికీ జిరాక్సు తీసి ఇంట్లో ఉంచుకోండి. బిల్లు కోసమే కాదు, రేపు మరో డాక్టరు కోసం. శరీరంలో ఏ లోహం పెట్టినా ఆ స్టిక్కరు నకలు అడిగి తీసుకోండి.

2023 మార్చిలో ఆపరేషన్ జరిగింది. చెయ్యి మాత్రం మొద్దుబారేలా ఇంజక్షను ఇచ్చారు. స్క్రూ తీసివేశారు. ముంజేతి వైపు ముక్క నుంచి రక్తం చాలా తక్కువగా ఊరిందని తర్వాత చెప్పారు. ముంజేతి ఎముక చివర నుంచి చిన్న ముక్కను రక్తనాళంతో సహా తిప్పి తెచ్చి అమర్చి, సన్నని స్టీలు తీగలతో బిగించారు. మళ్ళీ పిండికట్టు, పది వారాలు. వేళ్ళు మాత్రం మొదటి రోజు నుంచి ఆడిస్తూ ఉండమన్నారు. మే నెలాఖరున తీగలు తీశారు. జూలైలో తీసిన సీటీ స్కానులో సగానికి పైగా అతుకు పడింది. ఆ రిపోర్టు మా అమ్మాయి మూడుసార్లు చదివించుకుంది. డిసెంబరు స్కానులో పూర్తిగా అతికింది.

అతికింది కదా అని చెయ్యి పాత చెయ్యి కాలేదు. ఇది కూడా చెప్పాలి. ఫిజియోథెరపీ ఏడాది దగ్గర దగ్గర సాగింది. ఇప్పుడు ఎడమ మణికట్టు వంగినంతలో మూడింట రెండు వంతులు కుడిది వంగుతుంది. పట్టు కూడా కాస్త తక్కువే. చలికాలం పొద్దున్నే లాగుతుంది. అరచేయి ఆనించి దండీలు తీయలేడు. కానీ 2024 నుంచి ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేస్తున్నాడు. ఆకురాయి పట్టగలుగుతున్నాడు. ఈ ఫలితం చూసి అందరికీ ఇలాగే అవుతుందని అనుకోవద్దు. రెండవసారి చేసినప్పుడు అతికే అవకాశం మొదటిసారి కంటే తక్కువే.

చివరగా మన వయసు వారి గురించి రెండు మాటలు. మనం పడితే ఎక్కువగా విరిగేది ఈ చిన్న ఎముక కాదు, దాని పక్కనే ఉన్న ముంజేతి ఎముక చివర. డబ్లిన్ నగరపు వైద్యుడు కోలిస్ 1814లో దానిని వర్ణించారు. అప్పటికి ఎక్స్‌రే లేదు. ఆ ఎముకకు రక్తం బాగా అందుతుంది కనుక అతకకపోవడం అరుదు. కొంచెం వంకరగా అతకడమే ఎక్కువ. కానీ నిలుచున్న ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరిగిందంటే ఎముకలు బోలు పడుతున్నాయని అది ముందస్తు నోటీసు. ముఖ్యంగా మన ఇళ్ళలో ఆడవారు ఆ తర్వాత ఎముక సాంద్రత పరీక్ష గురించి డాక్టరుని అడగాలి. తుంటి విరిగే దాకా ఆగకూడదు. షుగరు అదుపులో లేకపోతే ఏ ఎముకైనా, ఏ గాయమైనా ఆలస్యంగానే మానుతుందని వేరే చెప్పనక్కరలేదు.

అలాగే, ఏ కారణం చేతనో ఎక్స్‌రే తీయించుకుంటే ఎప్పుడో కుర్రతనంలో విరిగిన స్కాఫాయిడ్ అతకకుండా ఉన్నట్టు మనలో కొందరికి ఇప్పుడు బయటపడవచ్చు. కంగారు పడవద్దు. డెబ్బై ఏళ్ళ చేతికి నొప్పి పెద్దగా లేకుండా పనులు జరిగిపోతుంటే, చూస్తూ ఉందాం అనడం కూడా మంచి వైద్యమే. ఇరవై ఏళ్ళ ఫిట్టరుకు ఒక న్యాయం, పింఛను తీసుకునే మనకు ఒక న్యాయం. ఆపరేషన్ చేయించుకోవడమా మానడమా అన్నది ఎక్స్‌రే ఒక్కటే చూసి తేల్చేది కాదు, ఆ చేత్తో ఏం చేయాలో చూసి తేల్చేది.

కనుక మీ ఇంట్లో ఎవరికైనా మొదటి ఆపరేషన్ ఫలించలేదని తెలిసిన రోజున, డాక్టరుని మార్చాలా, ఊరు మార్చాలా అని మొదలుపెట్టకండి. "ఎందుకు అతకలేదండీ?" అని ముందు అడగండి. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పి, దానికి తగ్గట్టు ఈసారి ఏం మారుస్తారో చెప్పగలిగిన వారి చేతిలో చెయ్యి పెట్టండి. అది మొదటి డాక్టరే కావచ్చు, మరొకరు కావచ్చు. ఫైలు మాత్రం మీ చేతిలో ఉండాలి.